పిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్: అడగడం, కలపడం, తాగించడం

వానలు మొదలైతే చాలు, చిన్న పిల్లలున్న ఇళ్ల నుంచి అవే ప్రశ్నలు వస్తుంటాయి. "పొద్దున్నుంచి బాబుకు నీళ్లలా వెళ్తున్నాయి, ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చా?" "ఇచ్చాం, అయినా మోషన్స్ ఆగలేదు, వేరేది మార్చాలా?" "డాక్టరు ఓఆర్‌ఎస్ రాయలేదు, మాకై మేం ఇస్తే ఏమైనా అవుతుందా?" మూడింటికీ వరసగా జవాబు రాస్తున్నాను. మూడో ప్రశ్న మీద 2024లో ఒక మంచి పరిశోధన వచ్చింది. మన పక్క రాష్ట్రం కర్ణాటకలోనూ, బీహార్‌లోనూ చేశారు. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు చేయగలిగి కూడా చేయకుండా వదిలేస్తున్న పని ఏదో అది తేల్చి చెప్పింది.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. విరేచనాల్లో పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. కొద్దిగా గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును, దాంతోపాటు నీటిని లోపలికి లాక్కుంటుంది. ఓఆర్‌ఎస్ చేసేది అంతే. అది విరేచనాలను ఆపే మందు కాదు. ఈ ఒక్కటి గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇది ఆరు నెలలు దాటి ఐదేళ్ల లోపున్న, నీళ్ల విరేచనాలు అవుతున్న పిల్లల కోసం రాసింది. ఆరు నెలల లోపు బిడ్డయితే తల్లిపాలు మరింత తరచుగా పడుతూ అదే రోజు డాక్టరుకు చూపించాలి. రెండు నెలల లోపు బిడ్డయితే ఆలస్యం అసలే వద్దు. బాగా చిక్కిపోయిన పిల్లలకు, గుండె, కిడ్నీ జబ్బులున్న పిల్లలకు లెక్కలు వేరు, వాళ్ల సంగతి డాక్టరే చూడాలి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు (లీటరువి రెండు, లేదా 200 మిల్లీలీటర్లవి ఐదారు)
- జింక్ మాత్రలు లేదా సిరప్
- కాచి చల్లార్చిన నీళ్లు
- లీటరు నీళ్ల సీసా, మూతున్న శుభ్రమైన గిన్నె
- టీస్పూను, చిన్న గ్లాసు. పసివాళ్లకైతే ఉగ్గుగిన్నె. పాల సీసా వద్దు
- ఒక కాగితం, పెన్ను

ఓఆర్‌ఎస్, జింక్ ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా దగ్గర్లో ఉంటే అక్కడా అడగండి. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఓఆర్‌ఎస్ దొరుకుతుంది.

1. ముందు బిడ్డను చూడండి

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి బయల్దేరండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. తాగగలిగే స్థితిలో ఉంటే దారి పొడవునా చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండండి. మత్తులో ఉన్న బిడ్డ నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

- మగతగా పడి ఉండడం, లేపినా సరిగా లేవకపోవడం
- ఏదీ తాగలేకపోవడం, తాగిందంతా వాంతి చేసుకోవడం
- విరేచనంలో రక్తం
- ఫిట్స్, తీవ్రమైన జ్వరం
- కళ్లు బాగా లోపలికి పోవడం, పసివాళ్లలో మాడు గుంటపడడం
- ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం
- పొట్ట ఉబ్బి గట్టిపడడం, పచ్చటి వాంతులు

చర్మం పరీక్ష కూడా చేయండి. బొడ్డుకూ పొట్ట పక్క అంచుకూ మధ్యలో పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో నిలువుగా పట్టి, ఒక్క క్షణం ఉంచి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మెల్లగా సర్దుకుంటే నీరు తగ్గిందని అర్థం. రెండు సెకన్లు దాటినా మడత అలాగే కనిపిస్తుంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. బొద్దుగా ఉన్న పిల్లల్లోనూ, మరీ చిక్కిన పిల్లల్లోనూ ఈ పరీక్ష మోసం చేస్తుంది కాబట్టి దీనొక్కదాన్నే నమ్ముకోవద్దు.

2. అసలు ఓఆర్‌ఎస్‌నే కొనండి

కొన్నేళ్లపాటు మన షాపుల్లో ఓఆర్‌ఎస్ అన్న పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు అమ్మారు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అయినా పేరు మార్చుకున్న అవే డబ్బాలను "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అంటే చేతిలో పెట్టే షాపులు ఉండొచ్చు. చూసి తీసుకోండి:

- ప్యాకెట్ మీద "ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐపీ" అని ఉండాలి (ఐపీ అంటే ఇండియన్ ఫార్మకోపియా, మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం). డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని కూడా రాస్తారు.
- లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 ఉండాలి. అన్నీ గుర్తుపెట్టుకోలేకపోతే గ్లూకోజు 13.5 అన్న ఒక్కటి చూడండి. తియ్యటి పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, దాంతో విరేచనాలు ఇంకా పెరుగుతాయి.
- ఓఆర్‌ఎస్ మందు. దాని మీద మందుల తయారీ లైసెన్సు నంబరు ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు కనిపిస్తే అది ఆహార పదార్థం, అంటే మీకు కావాల్సింది కాదు.

నారింజ, నిమ్మ రుచి కలిపిన పొడి అయినా ఫరవాలేదు, లెక్క సరిపోతే చాలు.

3. కలపడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్ని నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేసి, కరిగేదాకా తిప్పండి.

"ఇప్పుడు సగం, రాత్రికి సగం" అని పొడిని పంచడం వద్దు. ఉప్పూ గ్లూకోజూ ప్యాకెట్ అంతటా ఒకేలా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు. లీటరు ప్యాకెట్‌ను గ్లాసెడు నీళ్లలో కలిపేయడం ఇంకా ప్రమాదం. చిక్కగా ఉంటే బలం వస్తుందనుకుంటారు గానీ, రక్తంలో ఉప్పు పెరిగిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. నీళ్లు ఎక్కువైతే సరిగా పని చేయదు.

200 మిల్లీలీటర్ల ప్యాకెట్ కొన్నారనుకోండి, మీ ఇంటి స్టీలు గ్లాసు ఎంత పడుతుందో తెలుసా? లీటరు నీళ్ల సీసా నింపి ఆ గ్లాసులో వంచుకుంటూ పోండి. సరిగ్గా ఐదు గ్లాసులొస్తే అది 200. నాలుగే వస్తే 250, అప్పుడు నిండా పోయకూడదు.

కలిపాక చుక్క నాలుక మీద వేసుకోండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. చక్కెర, తేనె, పాలు, జ్యూసు కలపొద్దు. కలిపిన నీళ్లు కాచొద్దు. మూత పెట్టి ఉంచండి. 24 గంటలు దాటితే ఎంత మిగిలినా పారబోయండి. కలిపిన టైము కాగితం మీద రాసుకుంటే నిన్నటిదా ఇవాళ్టిదా అన్న వాదన ఉండదు.

ప్యాకెట్ దొరకని చోట: లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. చెంచా అంచుకు సమానంగా గీసి కొలవాలి, కుప్పగా కాదు. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి ప్యాకెట్ తెచ్చేదాకా మాత్రమే. కాస్త ఉప్పేసిన బియ్యపు గంజి, పల్చటి మజ్జిగ కూడా ఈలోపు ఇవ్వొచ్చు.

4. తాగించడం

నీరు ఇంకా పెద్దగా తగ్గని బిడ్డకు: రెండేళ్ల లోపైతే ఒక్కో విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటితే 100 నుంచి 200. ఇంకా అడిగితే ఇవ్వండి.

కళ్లు కొంచెం లోపలికి పోయి, చిరాకు పడుతూ, నీళ్లు కనిపిస్తే గబగబా తాగేస్తున్న బిడ్డకు లెక్క వేరు. నాలుగు గంటల్లో కిలో బరువుకు 75 మిల్లీలీటర్లు వెళ్లాలి. ఎనిమిది కిలోల బిడ్డకు 600 అన్నమాట. ఈ నాలుగు గంటలూ ఆరోగ్య కేంద్రంలో గడపడం మేలు. దూరమైతే ఇంట్లో మొదలుపెట్టి బయల్దేరండి. 600 అనగానే కంగారు పడతారు గానీ, రెండు నిమిషాలకో టీస్పూను చొప్పున ఇస్తే నాలుగు గంటల్లో సరిగ్గా అంతే వెళ్తుంది.

వాంతి చేసుకుంటే? పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి ఇంకా మెల్లగా. "తాగిందల్లా కక్కేస్తున్నాడు" అనే చాలా సందర్భాల్లో అసలు సంగతి, దాహంతో ఉన్న బిడ్డకు గ్లాసెడు ఒకేసారి పట్టడం. వాంతయ్యాక కూడా కొంత లోపలే ఉంటుంది. గంటకు మూడుసార్లకు మించి వాంతులైతే డాక్టరుకు చూపించండి. వాంతులు తగ్గించే ఆన్‌డాన్‌సెట్రాన్ మీద 2025లో కెనడా నుంచి మంచి ఫలితాలే వచ్చాయి. కానీ ఆ పిల్లలను ముందు ఆసుపత్రిలో డాక్టర్లు చూసి, మోతాదు లెక్కగట్టి ఇచ్చారు. షాపులో అడిగి పోసేది కాదది.

ఓఆర్‌ఎస్ రుచి నచ్చక మూతి తిప్పేసే పిల్లల సంగతి. చల్లగా ఇచ్చి చూడండి. సగం నీళ్లు కలిపిన ఆపిల్ జ్యూసు ఓఆర్‌ఎస్ కంటే మంచిదంటూ ఒక పరిశోధన చక్కర్లు కొడుతుంటుంది. నిజమైనదే, 2016లో టొరంటోలో 647 మంది పిల్లల మీద చేసింది. కానీ వాళ్లంతా జబ్బు తేలిగ్గా ఉండి, ఒంట్లో నీరు దాదాపుగా తగ్గని పిల్లలు. కళ్లు లోపలికి పోయిన బిడ్డకు జ్యూసు పట్టడానికి అది సాక్ష్యం కాదు.

5. డాక్టరు దగ్గర ఓఆర్‌ఎస్ పేరు ఎత్తండి

ఇక ఆ మూడో ప్రశ్న. ఓఆర్‌ఎస్ మంచిదని డాక్టర్లకూ, ఊళ్లో ఆర్‌ఎంపీలకూ తెలుసు. అయినా చాలా చీటీల్లో అది ఉండదు, యాంటీబయాటిక్ మాత్రం ఉంటుంది. కారణం ఏమిటి? షాపులో సరుకు లేకనా, దాంట్లో లాభం తక్కువనా?

దీన్ని తేల్చడానికి పరిశోధకులు కర్ణాటక, బీహార్‌లలోని 253 పట్టణాల్లో 2,282 మంది ప్రైవేటు వైద్యుల దగ్గరకు, పిల్లాడి తండ్రుల్లా నటించేవాళ్లను పంపించారు. "ఇంట్లో రెండేళ్ల పిల్లాడికి విరేచనాలు" అని అందరూ ఒకేలా చెప్పారు. కొందరు ఇంకేమీ అనలేదు. కొందరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఫోటో చూపించి, ఇంతకుముందు ఇది వాడాం, ఇప్పుడూ ఇదే వాడమంటారా అని అడిగారు. కొందరు మందులు వేరేచోట కొంటామన్నారు, అంటే రాసినందువల్ల ఆ వైద్యుడికి లాభం ఉండదు. కొన్ని చోట్ల పరిశోధకులే ఓఆర్‌ఎస్ సరఫరా చేశారు.

ఫలితం 2024లో "సైన్స్" పత్రికలో వచ్చింది. ఏమీ అడగనివాళ్లకు ఓఆర్‌ఎస్ దక్కింది 28 శాతం మందికి. ఫోటో చూపించి అడిగినవాళ్లకు 55 శాతం. ఓఆర్‌ఎస్ రాయకపోవడానికి కారణాలు విడదీస్తే సరుకు లేకపోవడం వాటా 6 శాతం, లాభాపేక్షది 5 శాతం, "వీళ్లకు ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదులే" అని వైద్యుడు అనుకోవడానిది 42 శాతం!

వైద్యుడిది అపోహే అయినా దానికి మన నోరూ కొంత కారణం. "సూది వెయ్యండి, గ్లూకోజు ఎక్కించండి, గట్టి మందు రాయండి" అని అడిగేవాళ్ల గొంతే గదిలో ఎక్కువగా వినిపిస్తుంది. పొడి ప్యాకెట్ రాసి పంపితే ఈయనకేం తెలుసని పక్క క్లినిక్‌కు పోతారని ఆయన భయం. కాబట్టి ఇలా చేయండి:

- వాడిన ప్యాకెట్‌ను వెంట తీసుకెళ్లండి, లేదా ఫోన్‌లో ఫోటో తీసుకోండి.
- "డాక్టర్ గారూ, పాపకు పొద్దున్నుంచి ఈ ఓఆర్‌ఎస్ పడుతున్నాం. ఎంతెంత ఇవ్వాలో చెప్తారా? జింక్ కూడా వెయ్యాలా?" అని అడగండి. చదువు చెప్తున్నట్టు కాకుండా సలహా అడుగుతున్నట్టు ఉంటే ఏ డాక్టరూ నొచ్చుకోరు.
- యాంటీబయాటిక్ రాస్తే "ఇది దేనికండీ? రక్తం ఏమీ లేదు కదా" అని మర్యాదగా అడగండి. కారణం చెప్తే వాడండి. రక్త విరేచనాలు, కలరా అనుమానం లాంటివాటికి అది అవసరమే.

పిల్లాణ్ని బామ్మో తాతయ్యో తీసుకెళ్తుంటే ఈ మాటలు వాళ్లకు ముందే చెప్పి పంపండి.

6. తిండి మానిపించొద్దు

"పొట్టకు విశ్రాంతి" పేరుతో లంఖణం చేయించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. వద్దు. తల్లిపాలు తాగే బిడ్డకు మామూలు కంటే ఎక్కువసార్లు పట్టండి. పెద్ద పిల్లలకు పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, అరటిపండు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. తగ్గాక రెండు వారాలపాటు రోజుకో పూట అదనంగా పెట్టాలి. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు, బాగా తీపి టీ దగ్గరకు రానీయొద్దు.

7. జింక్ పూర్తిగా వెయ్యండి

మన దేశంలో మామూలుగా ఇచ్చేది: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు 10, మొత్తం 14 రోజులు. మాత్రను చెంచాలో కాసిని నీళ్లతో గాని, తల్లిపాలతో గాని కరిగించి పట్టాలి.

డాక్టరు ఇంతకంటే తక్కువ రాస్తే పొరపాటని అనుకోకండి. ఢిల్లీలోనూ టాంజానియాలోనూ 4,500 మంది పిల్లలకు 20, 10, 5 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి పోల్చిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. విరేచనాలు తగ్గడంలో చిన్న మోతాదులు పెద్దదానికి తీసిపోలేదు. వేసిన అరగంట లోపు వాంతి చేసుకున్నవాళ్లు మాత్రం 20 మోతాదులో 19.3 శాతం, 10లో 15.6, 5లో 13.7. కాబట్టి జింక్ వేయగానే కక్కేస్తుంటే మానేయకుండా డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గించొచ్చు.

ఎక్కువమంది చేసే తప్పు, మూడో రోజుకు విరేచనాలు కట్టాయని మాత్రలు అటకెక్కించడం. జింక్ అసలు ఉపయోగం వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకోకుండా చూడడంలో కూడా ఉంది. క్యాలెండరు మీద రోజుకో టిక్కు పెట్టుకోండి.

8. పని చేస్తోందో లేదో చూడండి

విరేచనాలు ఎన్నిసార్లయ్యాయో లెక్కపెట్టి "తగ్గలేదు, ఓఆర్‌ఎస్ పనిచేయట్లేదు" అనుకోవడం తప్పు కొలత. అవి తగ్గడానికి మామూలుగానే ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మీరు చూడాల్సింది నీటి మట్టం. కాగితం మీద తాగిన లెక్క, మూత్రం పోసిన టైము రాస్తూ ఉండండి.

- ఆరు గంటల్లోపు మూత్రం వచ్చిందా, రంగు లేతగా ఉందా
- నాలుక, పెదాలు తడిగా ఉన్నాయా
- ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా
- పొట్ట చర్మం వదలగానే సర్దుకుంటోందా
- మళ్లీ ఆటల మీద, మనుషుల మీద ధ్యాస పడుతోందా

ఇవి మెరుగవుతుంటే, విరేచనాలు ఇంకా అవుతున్నా మీరు సరిగ్గానే నడుస్తున్నారు. నాలుగు గంటలు కష్టపడి పట్టినా ఇవి మారకపోతే ఆసుపత్రి. మూడు రోజుల్లో ఏ మార్పూ లేకపోతే మళ్లీ చూపించండి. 14 రోజులు దాటితే అది వేరే రకం సమస్య, పరీక్షలు కావాలి. కనురెప్పలు ఉబ్బితే ఓఆర్‌ఎస్ ఎక్కువైందని గుర్తు, అది ఆపి మామూలు నీళ్లు, తల్లిపాలు ఇస్తూ డాక్టరుకు చెప్పండి.

ఇవి మాత్రం వద్దు

విరేచనాలను "కట్టేసే" లోపెరమైడ్ లాంటి మాత్రలు చిన్న పిల్లలకు ప్రమాదం, పేగు కదలిక ఆగిపోవచ్చు. పెద్దవాళ్ల మాత్రలో ముక్క విరిచి వెయ్యడం కూడా అంతే.

మామూలు నీళ్ల విరేచనాలకు యాంటీబయాటిక్ ఎందుకు వద్దంటారంటే: మన దేశంతో సహా ఏడు దేశాల్లో రెండేళ్ల లోపు పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్న ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. అందులో చేరినవాళ్లు మరీ తేలిక కేసులేం కాదు, ఒంట్లో నీరు తగ్గిన పిల్లలు, లేదా చిక్కి ఉన్న పిల్లలు. మూడు రోజుల అజిత్రోమైసిన్ ఇచ్చినా, ఆ తర్వాతి ఆరు నెలల్లో మరణాలు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు.

ప్రోబయోటిక్ (పేగుకు మేలు చేస్తాయనే సూక్ష్మజీవులున్న) పొడుల మీద 2018లో అమెరికా, కెనడాల్లో రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. అక్కడ వాడిన రకాల వల్ల ఉపయోగం కనిపించలేదు. హాని పెద్దగా లేదు గానీ ఖరీదెక్కువ. ఆ డబ్బుకు ఓఆర్‌ఎస్, జింక్ రెండూ వచ్చి ఇంకా మిగులుతుంది.

పళ్లొస్తున్నాయి, దిష్టి తగిలింది అని రెండ్రోజులు ఊరుకోవడం కూడా ఈ జాబితాలోదే. దిష్టి తీసుకోండి, ఎవరూ వద్దనరు. తీసేటప్పుడు రెండో చేత్తో ఓఆర్‌ఎస్ పడుతూ ఉండండి.

తగ్గాక

బిడ్డకు ఏడాది లోపైతే టీకా కార్డు తీసి రోటావైరస్ చుక్కలు పడ్డాయో లేదో చూడండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వెయ్యాలి. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఉచితం. 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ టీకాల్లో ఒకటి హైదరాబాద్‌లో తయారైందే. అన్ని రకాల విరేచనాలనూ ఇది ఆపదు. ఆసుపత్రి పాలు చేసే రోటావైరస్ విరేచనాలను చాలావరకు తగ్గిస్తుంది.

వాడేసిన ప్యాకెట్ల స్థానంలో కొత్తవి తెచ్చి పెట్టండి. ఉన్నవాటి ఎక్స్‌పైరీ తేదీ చూడండి. పొడి గడ్డకట్టి గోధుమరంగుకు తిరిగితే పారేయండి. ఊరికెళ్లేటప్పుడు బ్యాగులో రెండు వేసుకోండి, పెళ్లిళ్ల సీజనులో మరీనూ.